విజయవాడ ఎండకి ఆగే కంప్యూటర్ రేడియేటర్ ఏది? 240 నుంచి 420 దాకా ఒక లెక్క

మా బాబాయి కొడుకు విజయవాడలో ఉంటాడు. మూడంతస్తుల ఇంట్లో పై వాటా, నెత్తిమీద నేరుగా స్లాబు. పెళ్లి వీడియోల ఎడిటింగ్, మధ్యమధ్యలో 3డి రెండరింగ్ పనులు. ఏప్రిల్‌లో ఒకరోజు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, 60 మిల్లీమీటర్ల మందం ఉన్న 360 రేడియేటర్ ఒకటి చూశా. మహా లావుగా ఉంది. ఇది ఒక్కటి పెడితే చాలు కదా?" 360 అంటే వరసగా మూడు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పట్టే సైజు. వాడి కంప్యూటర్ చిన్నదేం కాదు. ప్రాసెసర్ రైజెన్ 9 7950ఎక్స్, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4090. రెండింటినీ ఒకే లూప్‌లో, అంటే పంపు నీళ్లని వాటి మీదుగా తిప్పి రేడియేటర్‌లో చల్లార్చే చుట్టులో, చల్లబరచాలని ప్లాను.

చాలదన్నాను. ఎందుకు చాలదో చెప్పడానికి గంట పట్టింది. ఆ గంటసేపు చెప్పిందే కొంచెం సాగదీసి రాస్తున్నా. కొత్తగా ఏఐఓ (పంపు, గొట్టాలు, రేడియేటర్ అన్నీ కలిపి సీలు వేసి వచ్చేది) కొనేవాళ్లకీ, విడిభాగాలతో సొంతంగా కస్టమ్ లూప్ కట్టుకునేవాళ్లకీ లెక్క ఒకటే.

ముందు గోడ మీద థర్మామీటర్ చూడండి

రేడియేటర్ ఫ్రిజ్ కాదు. గదిలో గాలి ఎంత వేడిగా ఉంటే నీళ్లు అంతకంటే కొంత ఎక్కువే ఉంటాయి, ఎన్ని వేలు పోసి కొన్నా దానికి కిందికి దిగవు. కాబట్టి రేడియేటర్‌ని తూచాల్సిన కొలత నీళ్ల వేడి ఎంత అన్నది కాదు, గది కంటే నీళ్లు ఎన్ని డిగ్రీలు ఎక్కువ అన్నది. దీన్నే డెల్టా అంటారు.

యూట్యూబ్ రివ్యూల్లో టెస్టులు ఎక్కువగా 20–25 డిగ్రీల గదుల్లో జరుగుతాయి. అక్కడ డెల్టా 20 వచ్చినా నీళ్లు 45 దాటవు, ఎవరికీ ఏమీ కాదు. అదే సెటప్ మే నెల మధ్యాహ్నం మావాడి గదిలో పెడితే? ఏసీ వేయకపోతే లోపలే 37. దానికి 20 కలిపితే 57. కస్టమ్ లూపుల్లో ఎక్కువగా వాడే డీ5 పంపుకి నీళ్ల వేడి పరిమితి 60 డిగ్రీలు. పెట్‌జీ అనే గట్టి ప్లాస్టిక్ గొట్టాలు కూడా ఆ దరిదాపుల్లోనే మెత్తబడి ఫిట్టింగుల దగ్గర పట్టు వదలడం మొదలెడతాయి. వాళ్ల ఊళ్లో 'కొంచెం శబ్దం ఎక్కువ' అనిపించుకునే సెటప్పే మన ఊళ్లో గొట్టం ఊడే సెటప్ అవుతుంది.

మన దగ్గర డెల్టా 10 చుట్టుపక్కల ఉండేలా చూసుకోమంటాను. 12 దాకా ఓకే. 15 దాటితే ఏప్రిల్ నుంచి జూన్ దాకా మనశ్శాంతి ఉండదు. ఏసీ గదిలోనే వాడతానంటే ఇంత పట్టింపు అక్కర్లేదు గానీ, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఏసీ ఆగిపోయి మిషన్ మాత్రం నడిచే అరగంట కూడా లెక్కలోకి తీసుకోండి.

ఇక్కడే ఇంకో చిక్కు. చాలామంది రేడియేటర్ మంచిదో కాదో సీపీయూ టెంపరేచర్ చూసి తేలుస్తారు. 7950ఎక్స్ లాంటి చిప్పు గట్టి పనిలో 95 డిగ్రీల దాకా వెళ్లేలాగే ఏఎండీ తయారుచేసింది. చల్లదనం ఎక్కువ దొరికితే ఆ మేరకు స్పీడు పెంచుకుంటుంది, అంకె మాత్రం మళ్లీ 95 దగ్గరే కనిపిస్తుంది. పైగా ఆ చిప్పులో కోర్లుండే ముక్కలు రెండు, ఒక్కోటి సుమారు 70 చదరపు మిల్లీమీటర్లు. అంత చిన్న చోటి నుంచి 200 పైచిలుకు వాట్లు బయటికి రావాలి. అక్కడ ఇరుకు చిప్పుకీ, దాని మీద కూర్చుని వేడిని నీళ్లలోకి దింపే బ్లాకుకీ మధ్య ఉంటుంది, రేడియేటర్ దగ్గర కాదు. 4090లో చిప్పు 600 చదరపు మిల్లీమీటర్లు దాటుతుంది కాబట్టి వేడి సులువుగా నీళ్లలోకి దిగుతుంది. వాటర్ కూలింగ్ వల్ల అసలు లాభం గ్రాఫిక్స్ కార్డుకే. రేడియేటర్ పనితనం తెలియాలంటే లూప్‌లో ఒక నీళ్ల టెంపరేచర్ సెన్సర్ పెట్టించండి. ఫిట్టింగ్‌లాగే బిగించేది, చౌకే. మదర్‌బోర్డులో రెండు పిన్నుల సాకెట్ ఉందో లేదో మాత్రం ముందే చూసుకోవాలి.

గాలి ఎంత వేడిని మోస్తుంది

నీళ్లతో మొదలెడదాం. నిమిషానికి ఒక లీటరు నీళ్లు పారుతుంటే, ఒక్కో డిగ్రీకి 70 వాట్ల వేడి మోసుకెళ్తాయి. మామూలు లూప్‌లో నిమిషానికి 3 లీటర్లు పారినా డిగ్రీకి 210 వాట్లు. అంటే 600 వాట్ల మిషన్‌లో కూడా లూప్ మొత్తం మీద అత్యంత వేడి చోటుకీ అత్యంత చల్లని చోటుకీ తేడా 3 డిగ్రీలే. అందుకే 'ముందు సీపీయూనా, జీపీయూనా, మధ్యలో ఒక రేడియేటర్ పెట్టాలా' అని రాత్రుళ్లు నిద్ర మానుకోనక్కర్లేదు. గొట్టాలు ఎలా తిన్నగా వస్తే అలా వేసుకోండి.

ఇప్పుడు గాలి. నిమిషానికి ఒక ఘనపుటడుగు గాలి, అదే ఫ్యాన్ డబ్బా మీద సీఎఫ్‌ఎం అని రాసేది, డిగ్రీకి మోసేది దాదాపు అర వాట్. అంతే. ఒక మంచి 120 ఫ్యాను 1200–1300 ఆర్‌పీఎం మీద తిరుగుతూ, రేడియేటర్ ఫిన్ల (సన్నటి లోహపు రేకుల) మధ్య నుంచి 30 సీఎఫ్‌ఎం తోస్తోందనుకుందాం. డబ్బా మీద 60 అని ఉండొచ్చు, అది ఫుల్ స్పీడులో, ఎదురుగా ఏ అడ్డూ లేనప్పుడు. 30 సీఎఫ్‌ఎం అంటే డిగ్రీకి 15 వాట్లు. 360 రేడియేటర్ మీద మూడు ఫ్యాన్లు కాబట్టి 45 వాట్లు. మావాడి మిషన్‌లో 7950ఎక్స్ 230 వాట్ల దాకా, 4090 450 వాట్ల దాకా లాగుతాయి. రెండూ ఒకేసారి అంచు దాకా పోవడం తక్కువ గనక 600 అనుకున్నాం. 600ని 45తో భాగిస్తే 13 చిల్లర.

ఆ 13 డిగ్రీలు దేనివో గమనించండి. ఆ గాలి ఆ వేడినంతా మోయాలంటే అది కనీసం 13 డిగ్రీలు వేడెక్కి తీరాలి. గాలి కంటే నీళ్లు ఇంకా వేడిగా ఉండాలి కాబట్టి డెల్టా ఎప్పుడూ 13 కంటే ఎక్కువే. రేడియేటర్ 30 మిల్లీమీటర్లదైనా, 60దైనా, 80దైనా ఆ అంకె కింద దిగదు. మందం పెంచితే ఆ 13కి కొంచెం దగ్గరగా వస్తామంతే. నిజ జీవితంలో ఒక్క 360 మీద 600 వాట్లంటే డెల్టా 20 దగ్గర తేలుతుంది. 37కి 20 కలిపితే ఎంతో పైన చూశాం.

రెండో 360 పెడితే ఫ్యాన్లు ఆరు, డిగ్రీకి 90 వాట్లు, కింది గీత 7 డిగ్రీల లోపు. నిజంగా వచ్చేది 10–12. అదీ ఫ్యాన్లు హోరెత్తకుండానే.

మావాడికి ఫోన్లో ఇది చెప్తే, "మరి ఫ్యాన్లు 2000 ఆర్‌పీఎంకి పెంచితే?" అన్నాడు. పెంచొచ్చు, డెల్టా తగ్గుతుంది కూడా. "పెళ్లి వీడియోలో సన్నాయి పక్కన ఆ హోరు కలిసి వినపడుతుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎడిట్ చేస్తావా ఎనిమిది గంటలూ?" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

పాత సూత్రం ఒకటుంది: 100 వాట్లకి ఒక 120 సైజు చొప్పున వేసుకో అని. సూత్రం మోటుదే గానీ, పై లెక్కతో పోల్చి చూస్తే సుమారుగా అక్కడికే వస్తుంది. 600 వాట్లకి ఆరు. 

120 కుటుంబమా, 140 కుటుంబమా

రేడియేటర్ సైజులన్నీ ఫ్యాన్ల సైజు మీద నడుస్తాయి. 120 ఫ్యాన్లవి 240, 360, 480. 140 ఫ్యాన్లవి 280, 420, 560. అంకె చూసి పెద్దదీ చిన్నదీ అనుకుంటే బోల్తా పడతాం. ముఖం వైశాల్యం లెక్కేస్తే 240కి 288 చదరపు సెంటీమీటర్లు, 280కి 392, 360కి 432, 480కి 576, 420కి 588. చూశారుగా, 420 అనేది 480 కంటే ఓ పిసరు పెద్దదే. 280కీ 360కీ తేడా పదో వంతు కూడా లేదు. 240 మాత్రం ఈ రెండింటి ముందూ చాలా వెనకబడుతుంది.

కాబట్టి 240 కొందామనుకునేవాళ్లకి నా మొదటి ప్రశ్న: మీ క్యాబినెట్‌లో 280 పడుతుందా? పడితే అదే తీసుకోండి. పొడవు ఓ నాలుగైదు సెంటీమీటర్లే ఎక్కువ, వైశాల్యం మాత్రం మూడో వంతుకి పైగా ఎక్కువ. 140 ఫ్యాను మెల్లగా తిరిగి కూడా అంతే గాలి తోస్తుంది కాబట్టి గొంతు కూడా చిన్నది.

అలాగని 140 వైపే మొగ్గమని చెప్పలేను. పైకప్పు కింద 140 వెడల్పు రేడియేటర్ పెడితే మదర్‌బోర్డు మీద వీఆర్‌ఎం (సీపీయూకి కరెంటు సర్దే భాగం) హీట్‌సింకులకీ, ర్యామ్ స్టిక్కులకీ తగిలే ప్రమాదం ఎక్కువ. నా సొంత మిషన్‌కి మోజుపడి 280 కొన్నాను. తీరా బిగించబోతే ర్యామ్ మీదున్న లైట్ల పట్టీ ఫ్యాన్ ఫ్రేముకి ఆనింది, 4 మిల్లీమీటర్లు. ర్యామ్ పొట్టిగా ఉంటే సరిపోయేది. చివరికి రేడియేటర్ మార్చలేక ర్యామ్ మార్చాను. ఇంట్లో ఆ ఖర్చు ఇప్పటికీ సర్వీసింగ్ కిందే ఉంది.

120 కుటుంబానికి ఇంకో బలం దొరుకుదల. మంచి ఫ్యాన్లలో ఎక్కువ రకాలు 120లోనే వస్తాయి, క్యాబినెట్లు కూడా 360కే ముందు చోటిస్తాయి. 420 పట్టే క్యాబినెట్ ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు అదృష్టవంతులు, రెండో ఆలోచన లేకుండా అదే పెట్టుకోవాలి. రేడియేటర్ కోసం క్యాబినెట్ కూడా మార్చాల్సి వస్తే మాత్రం రెండు 360లు పట్టేది చూడటం తెలివైన పని. లియాన్ లీ ఓ11 డైనమిక్ ఇంత పేరు తెచ్చుకోవడానికి కారణాల్లో ఇదొకటి: పైన, పక్కన, కింద మూడు చోట్లా 360 పడుతుంది. ఫ్రాక్టల్ టోరెంట్ గాలి విషయంలో ఎంతో గొప్పదే, కానీ దానికి పైన రేడియేటర్ పెట్టే చోటే లేదు, పెద్దవి ముందూ కిందా మాత్రమే. క్యాబినెట్ మంచిదా కాదా అన్నది వేరు, మీ ప్లానుకి కుదురుతుందా అన్నది వేరు.

120 సింగిల్ రేడియేటర్ గురించి ఒక్క మాట. అదే డబ్బుకి నీళ్లతో పనిలేకుండా సీపీయూ మీదే బిగించే మంచి ఎయిర్ కూలర్ వస్తుంది, అదే మెరుగ్గా కూల్ చేస్తుంది. వదిలేయండి.

మందం, ఫిన్ల దట్టం

ఏఐఓల్లో వచ్చే రేడియేటర్లు ఎక్కువగా 27 మిల్లీమీటర్లు. ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3 లాంటివి 38. కస్టమ్‌లో 30, 45, 60, ఇంకా మొండిగా వెళ్తే ఆల్ఫాకూల్ మాన్‌స్టాలా 80 పైన. ఫ్యాను మరో 25. అంటే 30 రేడియేటర్ మొత్తం 55 తింటుంది, 60ది 85. రెండు వైపులా ఫ్యాన్లు పెట్టి పుష్-పుల్ చేస్తే 110. మామూలు క్యాబినెట్ పైకప్పు కింద 85 దొరకడం కల్ల.

మందం ఎప్పుడు పనికొస్తుంది? ఫ్యాన్లు వేగంగా తిరిగేటప్పుడు. గాలి వేగంగా దూసుకుపోతుంటే 30 మిల్లీమీటర్ల దారిలో దానికి పూర్తిగా వేడెక్కే టైము ఉండదు, 60 దారిలో ఉంటుంది. అదే 1000 ఆర్‌పీఎం దగ్గర మెల్లగా పోయే గాలి మొదటి 30లోనే వేడెక్కిపోతుంది, మిగతా 30లో అది నీళ్ల నుంచి పెద్దగా తీసుకునేదేం ఉండదు. పైగా ఆ మందం గాలికి అడ్డు కూడా. అందుకే నిశ్శబ్దం కావాలనేవాళ్లు లావు రేడియేటర్ కొనడం ఖర్చు దండగ. సర్వర్ గదిలో, ఎవరూ పక్కన కూర్చోని చోట, ఫ్యాన్లు గింగిరాలు తిరిగేచోట లావుది కొనండి, డబ్బులకి న్యాయం జరుగుతుంది.

ఫిన్ల సంగతి దీనికి జోడీ. అంగుళానికి ఎన్ని ఫిన్లు ఉన్నాయన్నది ఎఫ్‌పీఐ. 20 పైన ఉంటే దట్టం, 10–12 ఉంటే పలచన, 16 మధ్యస్తం. దట్టమైనవి గట్టి ఫ్యాన్లతో బాగా లాగుతాయి. నేను పలచన వైపు ఓటేస్తాను, దానికి కారణం ఏ రివ్యూలోనూ ఉండదు: మన దుమ్ము. రోడ్డు పక్క ఇల్లు, మధ్యాహ్నం తలుపులు తీసి ఉంటాయి, పక్కన ఎవరో ఇల్లు కడుతుంటారు. 22 ఎఫ్‌పీఐ రేడియేటర్‌ని మూడు నెలలు అలా వదిలేసి టార్చి వేసి చూడండి. ఫ్యాన్ వైపు ఫిన్ల మొదళ్లలో బూడిదరంగు దుప్పటి పరుచుకుని ఉంటుంది, వేలితో తోస్తే చాపలా లేచి వస్తుంది. పలచన ఫిన్లలో ఆ దుమ్ములో సగం వెనక నుంచి వెళ్లిపోతుంది.

ఇంట్లో గదిని చల్లబరిచే నీళ్ల కూలర్ వాడేవాళ్లకి ఇంకో మాట. కూలర్ గాలి చల్లగా ఉంటుంది నిజమే, దాన్ని నేరుగా క్యాబినెట్ ముందు పెట్టకండి. బోరు నీళ్లు పోసిన కూలర్ నుంచి ఎగిరే సన్నటి తుంపర ఫిన్ల మీద ఆరి తెల్లటి పొర కడుతుంది. గీజర్ కాయిల్ మీద కట్టేదే.

ఫ్యాన్ల విషయంలో సీఎఫ్‌ఎం కంటే స్టాటిక్ ప్రెషర్ (అడ్డు ఉన్నా గాలిని తోసే బలం) చూడాలని అందరూ చెప్పేదే. 2 మిల్లీమీటర్ల నీటి ప్రెషర్ దాటినవి రేడియేటర్‌కి హాయిగా సరిపోతాయి. నాక్టువా ఎన్‌ఎఫ్-ఏ12ఎక్స్25కి 2.34, దానికంటే చాలా చౌకైన ఆర్కిటిక్ పీ12కి 2.2. ఆరు ఫ్యాన్లు కొనాలంటే రెండోదాన్ని ఎందుకు గుర్తుచేశానో తెలుస్తుంది. లైట్లు మీ ఇష్టం.

ఏఐఓనా, కస్టమా

ఒక్క సీపీయూ చల్లబడితే చాలనుకుంటే ఏఐఓ. అందులోనూ గేమింగ్‌కి 7800ఎక్స్3డీ లాంటి చిప్పు వాడేవాళ్లకి 240 కూడా ఎక్కువే, రెండు టవర్ల ఎయిర్ కూలర్ చాలు. నేనైతే అదే పెట్టిస్తాను. పంపు ఉండదు, కారేది ఉండదు, పదేళ్ల తర్వాత ఫ్యాన్ మారిస్తే మళ్లీ పదేళ్లు. 230–250 వాట్లు లాగే కోర్ ఐ9-14900కే, 7950ఎక్స్ లాంటి వాటికే 360 ఏఐఓ నిజంగా అవసరం.

ఏఐఓ రేడియేటర్లు ఎక్కువగా అల్యూమినియం, బ్లాక్ అడుగు రాగి. రెండు లోహాలు ఒకే నీళ్లలో ఉంటే అల్యూమినియం తుప్పు పట్టి కరుగుతుంది. తయారీదారు లోపల తుప్పు పట్టనివ్వని ద్రవం నింపి సీలు వేస్తాడు కాబట్టి కొన్నేళ్లు ఆగుతుంది. ఆ సీలు మీరు విప్పి మామూలు నీళ్లు నింపితే ఆ కాపలా పోయినట్టే. ఇక కస్టమ్ లూప్‌లో అయితే అల్యూమినియం రేడియేటర్ అసలు ముట్టొద్దు. ఆన్‌లైన్‌లో నమ్మలేనంత చౌకగా కనపడే 360లు చాలావరకు అవే. అయస్కాంతంతో తేలదు, రాగీ అల్యూమినియం రెండూ అంటుకోవు. చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది. రాగి బరువు అల్యూమినియానికి మూడు రెట్లు పైనే. ఫిలిప్పీన్స్‌లో తయారయ్యే హార్డ్‌వేర్ ల్యాబ్స్, జర్మనీ ఆల్ఫాకూల్ లాంటి వాళ్ల కస్టమ్ రేడియేటర్లలో ఫిన్లు రాగి, మిగతావి రాగి లేదా ఇత్తడి. మనదేశానికి తెప్పించుకుంటే రవాణా, కస్టమ్స్ కలిసి ధర బాగా ఎక్కుతుంది. అందుకే లావుది తెప్పించే ముందు ఆ బరువుకి రెండు సన్నవి వస్తాయేమో చూడండి.

కొత్త రాగి రేడియేటర్ లోపల టంకం వేసినప్పటి ఫ్లక్స్ మిగిలి ఉంటుంది. వేడి డిస్టిల్డ్ వాటర్ సగం పోసి, రెండు రంధ్రాలూ మూసి, చేతులు నొప్పెట్టేదాకా ఊపి పారబోయాలి. ఇలా నాలుగైదు సార్లు, నీళ్లు తేటగా వచ్చేదాకా. మొదటిసారి కట్టినప్పుడు బద్ధకించి రెండుసార్లకే ఆపేశాను. కొన్ని నెలలకి సీపీయూ బ్లాక్ విప్పితే లోపల వెంట్రుకంత సన్నటి గాడుల్లో నల్ల నలుసులు ఇరుక్కుని ఉన్నాయి. పాత టూత్‌బ్రష్‌తో ఒక ఆదివారం పూర్తిగా పోయింది.

డిస్టిల్డ్ వాటర్ అంటే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేది అనుకుంటారు. ఆ క్యాన్ల మీద చాలావాటికి డీమినరలైజ్డ్ అని ఉంటుంది, లేబుల్ చదివి తీసుకోండి. కడగడానికి ఏదైనా ఫర్వాలేదు. నింపడానికి మాత్రం అసలైన డిస్టిల్డ్‌లో తుప్పు, నాచు పట్టకుండా చేసే మందు కలపాలి, లేదా రెడీమేడ్ కూలెంట్ కొనాలి. ఆర్‌ఓ నీళ్లు వద్దు. కారు కూలెంట్ వద్దు.

ఎక్కడ బిగించాలి

ఏఐఓలో పంపు ఎక్కువగా బ్లాక్‌లోనే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గొట్టాల్లోంచి నీళ్లు కొద్దికొద్దిగా ఆవిరై లోపల గాలి చేరుతుంది. ఆ గాలి పైకే పోతుంది. కాబట్టి రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉంటే గాలి అక్కడ పడి ఉంటుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. రేడియేటర్‌ని కింద పెడితే గాలంతా పంపులోకే చేరి గుడగుడమంటుంది, చివరికి పంపు చస్తుంది.

పైనా, ముందా అన్నది అసలు తగువు. ఉదాహరణకి 4090 గాలితో చల్లబడుతూ 400 వాట్లు క్యాబినెట్‌లోకి వదులుతోంది. పైన బిగించిన రేడియేటర్ ఆ వేడి గాలినే పీలుస్తుంది. ముందు బిగిస్తే సీపీయూకి గది గాలి దొరుకుతుంది గానీ, అక్కడ వేడెక్కిన గాలి కార్డుకి పోతుంది. గేమింగ్‌లో సీపీయూ లాగేది తక్కువ కాబట్టి పైన పెట్టినా దానికి నొప్పి లేదు, బిగించడం సులువు, గాలి బుడగల బెంగా లేదు. నా ఓటు పైకే. సీపీయూ, జీపీయూ రెండూ గంటల తరబడి నలిగే రెండరింగ్ మిషన్ అయితే ముందు. కస్టమ్‌లో రెండింటి వేడీ నీళ్లలోనే ఉంటుంది గనక ఎన్ని రేడియేటర్లకి వీలైతే అన్నిటికీ గది గాలి అందేలా, వెనక నుంచి వేడి బయటికి పోయేలా చూడాలి.

స్క్రూల దగ్గర మాత్రం తొందరపడకండి. 25 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కి 30 స్క్రూ వస్తుంది, 5 మిల్లీమీటర్లు రేడియేటర్‌లోకి దిగుతుంది. చోటు చాలక 15 మిల్లీమీటర్ల సన్న ఫ్యాను పెట్టి అదే స్క్రూ బిగిస్తే 15 లోపలికి దిగి నేరుగా నీళ్ల గొట్టాన్ని పొడుస్తుంది. సగం బిగిశాక బరువు తగిలితే ఆగండి, ఇంకో తిప్పు తిప్పితే 'టిక్' మని చప్పుడొస్తుంది, ఆ తర్వాత రేడియేటర్‌తో పని లేదు. స్క్రూ మరలు కూడా కొన్నిటికి ఎం3, కొన్నిటికి 6-32. ఒకదాని స్క్రూ డబ్బా ఇంకోదానితో కలపకండి.

క్యాబినెట్ బయటే పెడితే?

వాటర్‌కూల్ కంపెనీ మోరా3 420 అని ఒకటుంది. తొమ్మిది 140 ఫ్యాన్లు పట్టే పలక, ముఖం వైశాల్యం నాలుగు 360ల కంటే ఎక్కువ. దాన్ని బల్ల కింద పెట్టి రెండు గొట్టాలు క్యాబినెట్‌లోకి లాగుతారు. అంత వైశాల్యం మీద ఫ్యాన్లు ఉన్నాయో లేవో కూడా తెలియనంత మెల్లగా తిరిగినా 600 వాట్లు ఆటే లెక్క. చోటు, డబ్బు ఉన్నవాళ్లకి దీన్ని మించింది లేదు.

మావాడు దీన్ని చూసి, "బాల్కనీలో పెట్టేస్తే వేడంతా బయటికే పోతుంది కదన్నయ్యా" అన్నాడు. ఆలోచన బాగానే ఉంది. ఎంత మంచి రేడియేటర్ అయినా ఆ 600 వాట్లని మాయం చేయదు, గదిలోనే వదులుతుంది. ఒక టన్ను ఏసీ తీసేసే వేడి 3500 వాట్లు, అందులో ఆరో వంతు ఈ మిషన్‌కే. కానీ మే మధ్యాహ్నం బాల్కనీలో 43, ఏసీ వేసిన గదిలో 27. రేడియేటర్ బయట ఉంటే నీళ్లు 43 పైనుంచి మొదలవుతాయి. రాత్రిపూట రెండర్లు పెట్టుకునేవాళ్లకి బయట లాభం, పగలు పనిచేసేవాళ్లకి లోపలే నయం. వాడు పగలు పనిచేస్తాడు. పైగా బాల్కనీలో పావురాలు.

కాబట్టి చివరికి వాడికి రాసిచ్చిన చీటీ ఇది: 30 మిల్లీమీటర్ల మందం రాగి 360లు రెండు, ఎఫ్‌పీఐ 16కి మించకుండా, 120 ఫ్యాన్లు ఆరు, నీళ్ల సెన్సర్ ఒకటి. ఫ్యాన్ల స్పీడు సీపీయూ టెంపరేచర్‌కి కాకుండా నీళ్ల టెంపరేచర్‌కి ముడిపెట్టు, లేకపోతే ఫైల్ తెరిచినప్పుడల్లా ఫ్యాన్లు ఉలిక్కిపడతాయి. ఆర్డర్ పెట్టే ముందు టీవీ డబ్బాలో వచ్చిన థర్మాకోల్‌ని 400 పొడవు, 120 వెడల్పు, 55 మందం కోసి, మదర్‌బోర్డు, ర్యామ్ బిగించి ఉన్న క్యాబినెట్‌లో రెండు చోట్లా పెట్టి చూడు. పొడవులో ఒక పక్క ఫిట్టింగులకీ గొట్టం వంపుకీ ఇంకో 40 వదులు.

రెండ్రోజులకి వాట్సాప్‌లో ఫొటో పంపాడు. పై ముక్క హాయిగా పట్టింది. పక్కన పెట్టిన ముక్క ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) కేబుళ్లకి తగిలి ఒక మూల విరిగి ఉంది. కింద మెసేజ్: "అన్నయ్యా, కేబుళ్లు సర్దాలా, రేడియేటర్ కిందికి మార్చాలా?"

కేబుళ్లు సర్దమన్నాను.